సిలిండరు లేని రివాల్వరు

నంద్యాలనుండి కోయిలకుంట్లకు పోవు త్రోవలో, గోస్పాడు పరిసరముల పాతమిద్దెలు ఒక్కొక్కటిగా నేలమట్టమగుచు వాటి స్థానమున సిమెంటు మేడలు లేచుచున్న ఈ దినములలో, మిద్దె విప్పునప్పుడు దూలములతోపాటు తాతలనాటి సామానులును వెలుగు చూచుచున్నవి. ఇత్తడి గంగాళములు, చెదలు తిన్న దస్తావేజులు, కరణముగారి చేవ్రాలుతో నున్న శిస్తు రసీదులు ఎవ్వరి యింటనైనను దొరకునవే. కాని ఏ మోతుబరి భోషాణము అడుగుననో నూనెగుడ్డలో చుట్టిన రివాల్వరు ఒకటి దొరకినచో, ఆ యింటివారి ముఖములందు మొదట భయమును, పిమ్మట గర్వమును తోచును. విప్పి చూచినచో అది సాధారణముగా సంపూర్ణముగా నుండదు. తూటాలు నిలుచు సిలిండరు ఉండదు. లేదా పిడికి ఒక ప్రక్క చెక్క ఊడియుండును. లోపలి స్ప్రింగు ఎన్నడో విరిగియుండును. పట్టణమున చదువుకొని వచ్చిన మనుమడు దానిని బల్లమీద పెట్టి, “తాతగారి వస్తువు, బాగుచేయింతము, దీనికి భాగము లెక్కడ దొరకును?” అని యడుగును.

మొదట వస్తుస్వభావమును చూతము. శామ్యూల్ కోల్ట్ అను అమెరికను 1836లో తన దేశమున పేటెంటు పొందిన రివాల్వరు, 1851లో లండను స్ఫటికభవన ప్రదర్శనమున జనుల నాశ్చర్యపరచినప్పుడు, యంత్రము కోసిన భాగములు ఒకదానికి బదులొకటి అమరునను మాటయే దానికి గొప్ప ప్రచారమైనది. ఆ మాటలో సత్యము సగమే. యంత్రము కోసిన ముక్కను పనివాడు ఆకురాయితో రాచి, తన యెదుటనున్న చట్రమునకే సరిపడునట్లు దిద్దెడివాడు. గొట్టము, చట్రము, సిలిండరు మొదలగువాటిపై ఒకే సంఖ్యనో, దాని చివరి అంకెలనో పొడిచెడివారు. ఇవి ఒకే కుదురునకు చెందినవి, పరాయి ముక్కతో వీటికి పొత్తు కుదరదు అని ఆ అంకెల యభిప్రాయము. బ్రిటిషు సైన్యమున 1887లో ప్రవేశించి, 1915 నాటికి ఆరవ మార్కుగా పరిణమించిన వెబ్లీ రివాల్వరు విషయమును ఇంతే. గొట్టమును ముందుకు వంచి తూటాలు నింపు ఆ .455 యంత్రము తెల్లదొరల నడుములను పట్టుకొని మన దేశమునకు దిగినది. అదే మార్కునకు చెందిన సిలిండరు ఒకటి దొరకినను, అందలి ప్రతి గదియు తన వంతు వచ్చినప్పుడు వెంట్రుకవాసి తేడా లేక గొట్టమునకు సూటిగా నిలువవలెను. నిలువనిచో తూటా సీసము అంచున చెక్కుకొనిపోయి, ఎదుటివానికంటె కాల్చువానికే యపాయము.

చట్టస్వభావము ఇంతకంటె సూక్ష్మము. 1959లో పుట్టి 1962 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చిన ఆయుధముల చట్టము, ఆయుధమను మాటలోనే ఆయుధభాగములను గూడ చేర్చినది. అందు 45వ సెక్షనున మన విషయమునకు సంబంధించిన మినహాయింపులు రెండు కలవు. ప్రాతపద్ధతి దైనను, పురావస్తువుగా విలువ గలదైనను, చెడిపోయినదైనను, మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా పనికిరాని యాయుధము చట్టమునకు వెలుపల నుండును. అనగా బాగుపడలేనంతగా చెడియుండుటయే దానికి రక్ష. బాగుపడు యోగ్యత గలిగియుండుటయే దోషము. రెండవది మరియు విచిత్రము. చిన్న చిన్న భాగములను ఉంచుకొనవచ్చును గాని, తనయొద్దనో ఇతరులయొద్దనో ఉన్న తక్కిన భాగములతో కలిపి వాడు ఉద్దేశము మాత్రము ఉండరాదు. మన మనుమడు వెదకుచున్నది సరిగా ఆ ఉద్దేశముతోనే గదా! ఎవ్వరి సొరుగులోనో ఊరక పడియున్న స్ప్రింగు ఇనుపముక్క. తాతగారి రివాల్వరునకని కొన్న క్షణమున అది యాయుధము. ఈ సూత్రమును వ్రాసిన మహాశయుడు మన మీమాంసకులయొద్ద కొంతకాలము శుశ్రూష చేసెనేమో యని నా యనుమానము. దోషమును వస్తువునకు గాక సంకల్పమునకు అంటగట్టినాడు.

అమెరికాలో 1898వ సంవత్సరాంతమునకు లోపల తయారైన తుపాకులను అక్కడి 1968 నాటి కేంద్ర చట్టము పురాతన వస్తువులుగా ఎంచి తన పట్టునుండి విడిచిపెట్టినది గనుక, ఆ దేశమున పాత భాగముల బేరము బహిరంగముగానే సాగును. అక్కడ నున్న మేనమామ సెలవులకు వచ్చునప్పుడు ఒక సిలిండరును సంచిలో వేసికొని రాగలడని మనవారికి ఆశ కలుగుట సహజమే. కాని దిగుమతికి లైసెన్సు కావలెనని మన చట్టపు 10వ సెక్షనును, మరమ్మతునకు లైసెన్సు కావలెనని 5వ సెక్షనును చెప్పుచున్నవి. ఊరి కమ్మరికి విరిగిన ముక్కను చూపి “ఇట్టిదే యొకటి చేసి యిమ్ము” అనుట, ఏ పాపము నెరుగని ఆ కమ్మరిని నేరమునకు పిలుచుటయే యగును.

ఈ కాఠిన్యమునకు విసుగుకొనువారు మన సీమ చరిత్రను మరువరాదు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను రహస్యముగా ఆయుధములు కూడబెట్టెనని 1839లో నేరము మోపి, కంపెనీవారు ఆయనను తిరుచిరాపల్లికి పంపి రాజ్యమును కలుపుకొనిరి. 1878 నాటి ఆయుధచట్టము క్రింద లైసెన్సు నిర్బంధము భారతీయునికే గాని ఐరోపావానికి లేదు. ఆ జాతిభేదము పిమ్మట తొలగినది. అనుమానమును మాత్రము స్వతంత్ర భారతమును వారసత్వముగా ఉంచుకొన్నది. కక్షల పేరిట మన పల్లెలలో పారిన నెత్తురును తలచుకొన్నప్పుడు ఆ యనుమానమును తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. ఎన్నికలు వచ్చినంతనే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషనునకు చేరవలెనన్న సంగతి ఇక్కడి పసిపిల్లలకు గూడ తెలియును.

ఇక గర్వము మాట. ఈ ప్రాంతమున ఏ యింట పాత యాయుధము దొరకినను, అది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కాలము నాటిదని చెప్పుకొనుట ఒక వేడుక. ఆ వీరుడు కోయిలకుంట్ల ఖజానాపై పడినది 1846లో. ఆయనను అక్కడనే ఉరితీసినది 1847 ఫిబ్రవరి 22న. వెబ్లీవారి ఆరవ మార్కు ఆ తరువాత దాదాపు డెబ్బది యేండ్లకు గాని పుట్టలేదు. తాతలు నేతులు త్రాగినారని మూతులు వాసన చూపువారు, కనీసము ఆ నేయి ఏ యేటిదో తెలిసికొని చూపుట మంచిది.

తెలిసికొనుటకు త్రోవ లేకపోలేదు. ఆ లోహముపై పొడిచిన అంకెలే త్రోవ. 1928 డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్సును కూల్చిన భగత్‌సింగు పిస్తోలు (అది .32 కోల్ట్ ఆటోమేటికు, రివాల్వరు కాదు, న్యాయము మాత్రము రెంటికి నొక్కటే) ఎక్కడనున్నదో దశాబ్దములు లోకమునకు తెలియలేదు. తెలియకపోవుటకు దాచినవారు లేరు. ఇండోరులోని సరిహద్దు భద్రతాదళపు ఆయుధ ప్రదర్శనశాలలో అది తక్కిన పిస్తోళ్లతోపాటు అందరి కన్నులయెదుటనే యుండెను. త్రుప్పు పట్టకుండునట్లు ఎవరో సదుద్దేశముతో దానికి నల్లరంగు పూసిరి. ఆ రంగు క్రింద సంఖ్య మరుగుపడినది. 2016లో రంగు గీకి చూడగా 168896 అను అంకెలు బయటపడి, నాటి కేసు కాగితములతో సరిపోయినవి. ఆ సదుద్దేశపరుడే మరి కొంత శ్రద్ధాళువై, పాతగొట్టమును తీసివేసి క్రొత్తది బిగించి, చట్రమును నున్నగా మెరుగుపెట్టించి యుండినచో, చక్కగా బాగుచేయబడిన అనామకమగు పిస్తోలు ఒకటి మనకు మిగిలెడిది.

హంపిలోని ఉగ్రనరసింహుని చూచినవారికి నా మాట సులభముగా తెలియును. కృష్ణదేవరాయలు 1528లో చెక్కించిన ఆ మహామూర్తి తొడమీది లక్ష్మి నేడు లేదు; స్వామి వెనుకభాగమున చుట్టిన ఆమె చేయి మాత్రము మిగిలియున్నది. క్రొత్త లక్ష్మిని చెక్కగల ఉలులు ఆళ్లగడ్డలో ఎన్నియో కలవు. అయినను అక్కడ ఆమె నెవ్వరును కూర్చుండబెట్టలేదు. ఆ చేయి చెప్పుచున్నంత కథను క్రొత్త విగ్రహము చెప్పలేదు. విరిగిన స్ప్రింగు గల రివాల్వరు, సిలిండరు పోయిన రివాల్వరు నాకు ఇట్టివిగానే తోచును. అది ఎప్పుడు, ఎవరి చేతిలో, ఎందులకు విరిగినదో, కావలెననియే సిలిండరును ఏ కుందూ నదిలోనో పారవేసిరో తెలిసికొనగోరుట, మరియొక సిలిండరు కొరకు దేశములు గాలించుటకంటె పెద్ద కుతూహలము.

కనుక ఆ యువకునికి నేను చెప్పునది ఇది. భోషాణములో దొరకినదానిని మరల భోషాణములో పెట్టవద్దు. అది మినహాయింపులోనికి వచ్చునో రాదో నిర్ణయించు అధికారము నీకును నాకును లేదు. స్టేషనుకు తీసికొనిపోయి వ్రాతమూలకముగా అప్పగించి రసీదు తీసికొనుము. అప్పగించుటకు ముందే దానిమీది ప్రతి అంకెను, ప్రతి ముద్రను కాగితముపై ఎక్కించుకొనుము. తాతగారికి లైసెన్సు ఉండినచో, అది ఎవరి పేర, ఏ బోరునకు, ఏ సంఖ్యకు ఇచ్చినదో రెవెన్యూ కచ్చేరీ పుస్తకములకు ఎక్కియుండవలెను. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కాకపూర్వము మనకు కర్నూలే కచ్చేరీ గనుక వెదకుట అక్కడ మొదలుపెట్టుము. ఆ పుస్తకములు రద్దీ కాగితముల క్రింద తూకమునకు పోకముందే వాటి పుటలకు ఛాయాచిత్రములు తీయించి భద్రపరచుట ప్రభుత్వమునకు పెద్ద వ్యయము కాదు. చట్టమును సవరింపవలసిన పనియు అందులో లేదు.