క్లిప్ షూస్ ఉంటేనే యాత్రకి రావాలా?



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి విజయనగరం నుంచి చీపురుపల్లి, రాజాం, పాలకొండ మీదుగా సీతంపేటకి సైకిల్ యాత్ర అనుకుంటున్నాం కదా. వచ్చేవాళ్లంతా క్లిప్‌లెస్ పెడళ్లు, వాటికి సరిపడే షూస్ కొనుక్కోవాలని ఒక మాట వచ్చింది. దీన్ని రూలు చెయ్యొద్దని నా అభిప్రాయం.

ముందు అదేటో చూద్దాం. పాతరోజుల్లో రేసు సైకిల్ పెడల్ ముందు ఇనప పంజరం లాంటి క్లిప్పు, బెల్టు ఉండేవి. ఆ క్లిప్పు తీసేసిన పెడల్ కాబట్టి క్లిప్‌లెస్ అన్నారు. షూ అడుగున బిగించిన క్లీట్ అనే చిన్న ముక్క పెడల్‌లో టక్కున పడుతుంది, మడమ బయటికి తిప్పితే ఊడుతుంది. 1984లో ఫ్రాన్స్‌లోని లుక్ కంపెనీ ఇలాంటి పెడల్ తెచ్చింది. 1985లో బెర్నార్డ్ ఇనో దాంతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. 1990లో షిమానో ఎస్‌పీడీ తెచ్చింది. ఇందులో క్లీట్ చిన్నది, షూ అడుగులోకి దిగి ఉంటుంది, కాబట్టి నడవొచ్చు.

లాభం లేదని అనను. వానలో, గతుకుల్లో పాదం జారదు. కానీ కాలు పైకి లాగడం వల్లే బలమంతా వస్తుందన్నది నిజం కాదు. ఏ పెడల్ అయినా ఎక్కువ బలం కిందికి తొక్కడంలోనే ఉంది.

ఇక మన దారి. రాజాం దాకా పర్లేదు. పాలకొండ దాటి సీతంపేట వైపు ఎక్కేటప్పుడు సైకిల్ మెల్లగా పోతుంది. బస్సు హారన్ కొట్టినా, గేదె అడ్డొచ్చినా వెంటనే కాలు కింద పెట్టాలి. అలవాటు లేనివాళ్లు కాలు ఊడక సైకిల్‌తో సహా పడిపోతారు. పైగా ఆగస్టు వానాకాలం. దిగి తోసుకుంటూ నడిస్తే క్లీట్‌లో బురద కూరుకుపోతుంది, పుల్లతో గీకితే గానీ మళ్లీ పడదు.

ఇంకో సంగతి, హాస్టల్లో సైకిల్ ఒక్కరిది కాదు. ఒకడు కాలేజీకి, ఒకడు బజారుకి, ఒకడు బస్టాండుకి తీసుకెళ్తాడు. రెండువైపులా క్లిప్పే ఉన్న చిన్న పెడల్ మీద చెప్పులతో తొక్కడం కష్టం. పైగా షూస్, పెడళ్లు కలిపితే ఖర్చు మామూలు కొత్త సైకిల్ ధరకి దగ్గర పడుతుంది. రూలు పెడితే ముందు ఆగిపోయేది కొత్తగా చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు. డబ్బుల్లేవని ఎవరూ చెప్పరు. పరీక్షలున్నాయని చెప్తారు.

కొనగలిగినవాళ్లు కొనుక్కోండి. అయితే రెండు బోల్టుల క్లీట్ షూసే తీసుకోండి. మూడు బోల్టులవి రోడ్డు రేసులకి, అడుగున పొడుచుకొస్తాయి, రాయి మీద జారతాయి. ఒకవైపు క్లిప్పు, ఒకవైపు చదునుగా ఉండే పెడల్ దొరుకుతుంది, మనకి అదే మేలు. పట్టు బిగించే స్క్రూ మొదట్లో వదులుగా ఉంచండి. షిమానోలో ఎస్‌హెచ్ 51 కంటే ఎస్‌హెచ్ 56 క్లీట్ సులువుగా ఊడుతుంది. చెప్పుల్లేకుండా పెరిగిన మన పాదాలు ముందు వెడల్పు. అందుకని నంబరు ఒక్కటే చూసి ఆన్‌లైన్‌లో కొనకండి. సాయంత్రం పూట, సాక్సు వేసుకుని చూడండి, వేళ్లు కదలాలి. క్లీట్ బొటనవేలి మొదట్లో ఉండే ఎముక కిందకి గానీ, కొంచెం వెనక్కి గానీ రావాలి. వంకరగా బిగిస్తే మోకాలు నొప్పెడుతుంది. రోడ్డెక్కే ముందు గోడ పట్టుకుని యాభైసార్లు పెట్టి తీయండి.

కొనలేనివాళ్లకి చిన్న ముళ్లున్న వెడల్పు చదును పెడళ్లు, గట్టి అడుగున్న లేసు బూట్లు చాలు. లేసు చివరలు లోపలికి దోపుకోండి, చైన్‌లో పడకూడదు. పెడల్ మీరే మారిస్తే ఒకటి గుర్తుంచుకోండి: ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది.

రూలు పెట్టాల్సిందే అంటే బ్రేకులకి, హెల్మెట్‌కి, వెనక లైటుకి పెడదాం. చందా డబ్బులు బ్రేకు రబ్బర్లకి, ట్యూబులకి, హెల్మెట్ లేనివాళ్లకి ఖర్చు పెడదాం. సీతంపేట ఘాట్‌లో దిగి నడిచినా పర్లేదు, బయల్దేరినవాళ్లంతా చేరాలి. దీనికి ఒప్పుకోనివాళ్లు కారణం రాయండి, మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ.