ఇల్లు కాలుతుండగా బావి తవ్వితే?

సూరత్ నగరానికి తూర్పున, ముంబాయి - ఢిల్లీ రహదారిపై ఉన్నది కడోదరా. మరమగ్గాలు, అద్దకపు మిల్లులు, ఇరుకు గదులలో వంతుల వారీగా నిద్రించే శ్రామికులు — ఇదీ ఆ ప్రాంతపు స్వరూపం. వారిలో అనేకులు ఉత్తరప్రదేశ్, బీహార్, ఒరిస్సాల నుండి వచ్చినవారు. సూరత్ నగరంలోని లింబాయత్ వంటి పేటలలో తెలంగాణ నుండి వలసపోయిన పద్మశాలి కుటుంబాలు కూడ అధికమే. అంటువ్యాధికి ఇటువంటి చోట్లు అనుకూలమైనవి. ఆరోగ్య వ్యవస్థకు అసలు పరీక్ష కూడ ఇక్కడే.

1994 వర్షకాలంలో తాపీ నది పొంగి లోతట్టు వాడలను ముంచెత్తింది. నీరు తీసింది గాని చెత్త, పశుకళేబరాలు మిగిలిపోయాయి. సెప్టెంబరు మూడవ వారంలో శ్వాసకోశాలకు సోకే ప్లేగు బయటపడింది. మరణాలు యాభై పైచిలుకు మాత్రమే. కాని కొద్ది రోజులలోనే లక్షలాది జనం రైళ్ళలో, బస్సులలో నగరం విడిచిపోయారు. పలువురు ప్రైవేటు వైద్యులు సైతం తలుపులు మూసుకున్నారు. దుకాణాలలో టెట్రాసైక్లిన్ కరవైంది. లక్షణాలు కనిపించిన తొలి దినముననే సరియైన మందు వాడితే ఈ వ్యాధి సాధారణంగా లొంగుతుంది. ఆ మందు ఖరీదైనదీ కాదు. లోపించినది మందు కన్న ముందుచూపు. అది ప్లేగు అవునా కాదా అన్న వివాదమే దీర్ఘకాలం సాగింది. విదేశాలు విమానాలను ఆపివేశాయి.

1995 మే నెలలో సూర్యదేవర రామచంద్రరావు నగరపాలక కమిషనరుగా వచ్చారు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, అధికారాలను మండలాధికారులకు అప్పగించారు. అధికారులు ప్రతి ఉదయం కార్యాలయం వదలి వీధులలో తిరుగవలసిందే. రాత్రివేళ వీధులు ఊడ్చే ఏర్పాటు జరిగింది. మురికివాడలకు కాలువలు, నీరు సమకూరాయి. 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా పేర్కొన్నది. 2004లో దేశవ్యాప్తంగా సమగ్ర వ్యాధి నిఘా పథకం ప్రారంభమైంది.

అయినా పాఠం పూర్తి కాలేదు. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ సమయాన, మే 4న, కడోదరా సమీపంలోని వరేలీలో స్వస్థలాలకు పంపాలని కోరుతూ వలస కార్మికులు వీధులకెక్కారు. పోలీసులతో ఘర్షణ జరిగింది. 1994లో జనాన్ని తరిమినది ప్లేగు భయం. 2020లో కలవరపెట్టినది పనీ కూలీ లేని జీవితం.

కనుక సంసిద్ధత అంటే పడకలు, ప్రయోగశాలలు మాత్రమే కావు. తొలి రోగిని గుర్తించగల వాడ వైద్యుడు, అతని కబురు ఆ రోజే అందుకొనే కార్యాలయం, ఓటరు జాబితాలో పేరున్నా లేకున్నా కార్మికునికి అందే తిండిగింజలు, అతని మాతృభాషలో చెప్పిన నమ్మదగిన మాట — ఇవన్నీ అందులో భాగమే. ఇల్లు కాలుతుండగా బావి తవ్వితే మంటలు ఆగవు. వ్యాధి లేని రోజులే బావి తవ్వవలసిన రోజులు.