బస్తరు యాత్ర: ముందు తిథి, తరువాత టిక్కెట్టు

విశాఖపట్నం నుండి సాలూరు, కోరాపుట్, జయపురం మీదుగా సాగే రహదారి ఒడిశా ఎల్లను దాటిన కొద్దిసేపటికే నగర్‌నార్ వస్తుంది. ఈనాడు ఆ పేరు చెప్పగానే అందరికీ స్ఫురించేది 2023లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమే. ఆంధ్రదేశం నుండి వెళ్ళే యాత్రికునికి మాత్రం అది బస్తరు గడప. జగదల్‌పూర్ అక్కడికి సుమారు 16 కిలోమీటర్లు.

ఊటీలోవలె ఇక్కడ గోల్ఫ్ మైదానాలు, దొరలనాటి క్లబ్బులు లేవు. ఎప్పుడు వెళ్ళినా ఒకటే అనుకొని బయలుదేరేవారికి బస్తరు సగమే కనబడుతుంది. చిత్రకోట్ వద్ద ఇంద్రావతి నది గుర్రపునాడా ఆకారంలో విస్తరించి, దాదాపు 30 మీటర్ల లోతుకు దూకే వైభవం వానలతోనే వస్తుంది. వేసవిలో మిగిలేవి కొన్ని ధారలే. అయితే ఆ వానలలోనే కాంగేర్ లోయలోని కుటుమ్‌సర్ గుహను మూసివేస్తారు. అరకు మీదుగా పోయే రైలుమార్గంపై కొండచరియలు విరిగిపడడమూ అప్పుడే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన దారి అది. సొరంగాలతో, లోయలతో ఎంతో మనోహరమైనదే గాని, దానిని నమ్ముకున్నవారు ఒకరోజు అదనంగా చేతిలో ఉంచుకోవడం మంచిది.

అన్నింటినీ తూచి చూస్తే దసరా రోజులే మేలు. జలపాతం ఇంకా నిండుగానే ఉంటుంది. గుహను మరొక యాత్రకు వదలుకోవలసిందే.

బస్తరు దసరాలో రావణవధ లేదు. అది దంతేశ్వరీదేవి ఉత్సవం. మన పంచాంగపు ఆషాఢ అమావాస్యనాడు రథానికి కావలసిన కొయ్యను పూజించడంతో ఆరంభమై, 75 రోజులు సాగుతుంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడని, ఈ దేవి ఆ వంశానికి కులదేవత అని రాజకుటుంబపు కథనం. తెలుగువారికి ఈ ఊరు బొత్తిగా పరాయిది కాదన్నమాట.

తిరుగు టిక్కెట్టు విషయంలోనే చాలామంది పొరబడతారు. విజయదశమితో పండుగ ముగిసిందని ఆ రాత్రికే బండి ఎక్కుతారు. ఆ రాత్రే గిరిజనులు రెండంతస్తుల రథాన్ని ‘దొంగిలించి’ కుమ్‌డాకోట్ వనానికి లాగుకుపోతారు. మరునాడు రాజవంశపు వారసుడు అక్కడికి వెళ్ళి, వారితో కలిసి కొత్తబియ్యపు అన్నం ఆరగించిన తరువాతనే రథం నగరానికి మరలి వస్తుంది.