అక్షరం తప్పితే సెప్పాల్సింది మనమే

కంటికి కనపడని గుర్తొకటి నడుమ సేరిన మన ‘జ్ఞా’, 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని అల్లాడించీసినాది. మెసేజీలో వస్తే చాలు, యాప్ మూసుకుపోయేది. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. కోడు కంపెనీ గుప్పిట్లో ఉంది, మనకి ఎదురుసూపే మిగిలింది.

ఆండ్రాయిడ్ సంగతి వేరు. అందులో మన ఒత్తుల్ని, గుణింతాల్ని పేర్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. దాని కోడు అందరికీ తెరిచే ఉంది. ఎవరైనా తప్పు సూపొచ్చు, దిద్దొచ్చు.

ఒత్తు పక్కకి జరిగితే తెలుగు రానోడికి ఏటి తెలుస్తాది? ఆమదాలవలసలో సదివే గుంటడికే తెలుస్తాది. ‘ఫోను పాడైపోనాది’ అని తిట్టుకుంటే తప్పు అక్కడే ఉండిపోద్ది. ఏ ఫోను, ఏ వెర్షను, ఏ మాట కొడితే ఏటయిందో స్క్రీన్‌షాట్‌తో గిట్‌హబ్‌లో రాయండి. తప్పు ఫాంటుదో లైబ్రరీదో ఆళ్ళు తేలుస్తారు. మన అక్షరానికి కాపలా మనమే కదేటి?