అవ్వకు స్పృహ ఉందా అని ఏ భాషలో అడిగారు?

కోయంబత్తూరులో పీళమేడు, ఆవారంపాళయం, గణపతి వైపు పాత ఇళ్లలో ఇప్పటికీ వంటింటి మాట తెలుగే. విజయనగర కాలంలో, మదురై నాయకుల కాలంలో దక్షిణానికి దిగినవాళ్ల సంతతి మేము. బడి, బజారు, ఓటు అన్నీ తమిళంలోనే. తెలుగు అక్షరాలు మాలో చాలామందికి రావు. నేనైనా ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాకే కూడబలుక్కుని నేర్చుకున్నాను. 2011 జనగణనలో తమిళనాట తెలుగును మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. వీళ్లలో ముసలివాళ్లు మగతలో పడి ఆస్పత్రికి చేరితే వాళ్లతో ఎవరు మాట్లాడతారు, ఏ భాషలో?

మా అవ్వ పెరట్లో జారిపడింది. తలకు దెబ్బ. ఐసీయూలో నర్సు తమిళంలో పేరడిగింది, ఎక్కడున్నావో అడిగింది. అవ్వ ఏదో గొణిగింది. అర్థంకాని శబ్దాలు అని షీటులో రాసుకున్నారు. అవ్వకు తమిళం రాదనుకునేరు, సంతలో తమిళంలో బేరమాడి కూరగాయలవాళ్లను ఏడిపించిన మనిషి! సాయంత్రం మా అమ్మ లోపలికెళ్లి చెవి దగ్గర వంగి, "అమ్మా, ఏడుండావు?" అంది. "ఆస్పత్రిలో. కాఫీ ఏదీ?" అంది అవ్వ, కళ్లు సగమే తెరిచి.

స్పృహను అంకెల్లో కొలిచే గ్లాస్గో కొలమానాన్ని 1974లో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు తెచ్చారు. ఇప్పటి లెక్కలో కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6. మాటలో వట్టి శబ్దాలైతే 2, తానెవరో ఎక్కడుందో ఇది ఏ నెలో సరిగ్గా చెబితే 5. తల దెబ్బల్లో మూడూ కలిపి 9 నుంచి 12 వరకు మధ్యరకం, 13 నుంచి స్వల్పం. అంటే మెదడులో వెంట్రుకవాసి మార్పు లేకుండానే, అడిగే భాష మారితే 10 కాస్తా 13 కావచ్చు. ఐసీయూలో మతిభ్రమను పట్టే ఇంకో పరీక్ష ఉంది. దాని అసలు రూపంలో ఇంగ్లీషు అక్షరాలు వరసగా చదువుతూ, 'ఏ' వినిపించినప్పుడల్లా చెయ్యి నొక్కమంటారు. పలక పట్టని అవ్వకు ఏ 'ఏ' చెప్పాలి?

రెండు భాషలవాళ్లకు మెదడు దెబ్బతింటే బాగా అలవాటైన భాష ముందు తిరిగొస్తుందని ఫ్రెంచి వైద్యుడు పిత్ర్ 1895లోనే రాశాడు. అందరిలో అలా జరగదని తర్వాత తేలింది. అందుకే రెండింటిలోనూ అడగమంటున్నాను. 2024లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, మెదడు దెబ్బతిని చెప్పిన పని చెయ్యని 241 మందిని మెదడు పరీక్షలతో చూస్తే 60 మంది ఆ పనిని లోలోపల చేస్తున్నట్టు కనిపించింది. ఆ పని చెప్పింది మాటలతోనే. మాట అర్థమైతేనే కదా మెదడు బదులిచ్చేది.

తమిళనాడు మీద ఫిర్యాదుగా దీన్ని చదవకండి. మదురైలో సౌరాష్ట్ర మాట్లాడే నేత కుటుంబాల పెద్దలకూ ఇదే గతి. మన ఆస్పత్రుల్లో ఉట్నూరు గోండు తాతను, తండా నుంచి వచ్చిన లంబాడీ అవ్వను మనం తెలుగులో గద్దిస్తూనే ఉన్నాం. పలకకపోతే "పేషెంట్ కోఆపరేట్ చెయ్యట్లేదు" అంటాం. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మేము నింపిన చేరిక కాగితంలో ఇన్సూరెన్సు కంపెనీ పేరుకు గడి ఉంది, ఇంటి భాషకు లేదు. ఆ ఒక్క గడి కలపాలి. నర్సులు తెలుగు నేర్చుకోవాలని నేననడం లేదు. కేరళ నుంచి వచ్చి తమిళం నేర్చుకున్న పిల్లలు వాళ్లలో ఎందరో, వాళ్ల మీద ఇంకో బరువెందుకు? బయట కుర్చీలో కూర్చున్న కూతుర్నో మనవణ్నో పరీక్ష వేళకు పిలవాలి. అర్ధరాత్రి పరీక్షలకు, అవే ప్రశ్నలు ఇంటివాళ్ల గొంతుతో ఫోనులో రికార్డు చేయించుకుని మంచం దగ్గర వినిపించాలి. జవాబును కూడా రికార్డు చేసి, పొద్దున ఇంటివాళ్లకు వినిపించాకే ఆ మార్కు వెయ్యాలి.