కంట్లో చుక్క వేసే ముందు

మార్చి, ఏప్రిల్ నెలల్లో నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు వైపు బండి మీద వెళ్లినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. ముందు పోయే లారీ గాలికి నూగు లేస్తుంది. హెల్మెట్ అద్దం పైకెత్తి ఉంటే చాలు, నేరుగా కంట్లో పడుతుంది. బండి పక్కన ఆపి, రెండు మూడు సార్లు కన్ను నలిపి, చేతిరుమాలు కొసతో తుడుచుకుని మళ్లీ బయల్దేరతాం. చాలామందికి అంతటితో పోతుంది కూడా. ఈ వారం నేను రాయాలనుకున్నది అంతటితో పోనివాళ్ల గురించి.

నేను కంటి డాక్టర్ని కాను. జనరల్ మెడిసిన్ చదివి ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చునే ఫిజీషియన్ని. బీపీ, షుగర్, జ్వరాలు నా పని. అయినా కన్ను గురించి నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను. కంటి డాక్టరు దగ్గరికి ఆలస్యంగా చేరేవాళ్లలో కొందరు అంతకుముందు మా ఓపీ మీదుగా వెళ్లినవాళ్లే మరి.

కొన్నేళ్ల కిందట కోతల రోజుల్లో ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. వచ్చింది కంటి కోసం కాదు, షుగర్ మాత్రల కోసం. కొంగు కుడికంటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏమైందమ్మా అంటే, "వడ్లు తూర్పార పడతా ఉంటే నలక పడింది సార్. చుక్కలు వేసుకుంటా ఉండా. తగ్గిపోతాది" అనింది. నలక పడి అప్పటికి ఆరు రోజులు. మొదటి రోజు పక్కింటివాళ్లు ఏదో ఆకు పసరు పిండారు. రెండో రోజు మెడికల్ షాపులో కన్ను ఎర్రగా ఉందని చెప్పి చుక్కల మందు తెచ్చుకుంది. వేసిన పూటకే ఎరుపు తగ్గింది, నొప్పి తగ్గింది. మందు మంచిదనుకుంది. నాలుగో రోజు నుంచి నొప్పి మళ్లీ మొదలైతే, చుక్కలు ఇంకాస్త ఎక్కువ సార్లు వేసుకుంది.

కొంగు తీయించి చూశాను. నల్లగుడ్డు మధ్యలో బూడిదరంగు మచ్చ. టార్చి వెలుగు తగలగానే మొహం తిప్పేసుకుంది. సంచిలోంచి సీసా తీసి చూపించింది. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు.

అప్పటికప్పుడు కంటి డాక్టరు దగ్గరికి పంపాం. నల్లగుడ్డు మీద పుండు పడిందని, అది ఫంగస్ వల్లనని తేలింది. వారాల తరబడి, మొదట్లో గంటగంటకూ మందు వేయాల్సి వచ్చింది. పుండు మానింది. మానినచోట తెల్ల మచ్చ మిగిలింది. మనవాళ్లు కంట్లో పువ్వు వేసింది అంటారే, అదే. ఆ కంటితో ఇప్పుడు ఆమెకు మనిషి నీడ తప్ప మొహం తెలియదు.

ఇందులో ఆమె తప్పేమిటని చాలాసార్లు ఆలోచించాను. నలక పడింది, మందు వేసుకుంది. మనలో ఎవరమైనా అదే చేస్తాం. లోపల జరిగింది మాత్రం వేరు. నల్లగుడ్డు పైనున్న పారదర్శకమైన పొరను కార్నియా అంటాం. మందం దాదాపు అర మిల్లీమీటరు. దానిలో రక్తనాళాలు ఉండవు, ఉంటే వెలుగు తిన్నగా లోపలికి పోదు. రక్తనాళాలు లేని చోట శరీరం తన కాపలాదార్లను వెంటనే పంపించలేదు. గడ్డిలో, ఊకలో, మట్టిలో ఫంగస్ ఎప్పుడూ ఉంటుంది. వరి నూగు గీసిన సన్నటి గీతలోంచి అది లోపలికి దిగుతుంది. స్టెరాయిడ్ చేసే పని శరీరం పోరాటాన్ని అణచడం. ఎరుపు, వాపు, నొప్పి ఆ పోరాటపు గుర్తులే కాబట్టి అవి తగ్గుతాయి. కన్ను బాగుపడిందనుకుంటాం. ఫంగస్‌కేమో అడ్డు తొలగిపోతుంది.

స్టెరాయిడ్ చుక్కలు చెడ్డవని కాదు నేను చెప్పేది. ఆపరేషన్ తర్వాత, కొన్ని రకాల కంటివాపుల్లో అవి చూపును కాపాడతాయి. కానీ స్లిట్ ల్యాంప్ కింద కంటిని చూసిన డాక్టరు రాయాలి. చట్టం ప్రకారం కూడా చీటీ లేకుండా అమ్మకూడదు. మీ ఇంట్లో చుక్కల సీసా ఉంటే ఇప్పుడే తీసి చదవండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, లోటెప్రెడ్నాల్ అన్న మాటల్లో ఏదున్నా అది స్టెరాయిడే. ఎలర్జీ దురదకని పిల్లలకు నెలల తరబడి ఇవే వేసే తల్లులను చూశాను. పాత చీటీ చూపిస్తే షాపులో మళ్లీ మళ్లీ ఇచ్చేస్తారు. అలా వాడితే కంటిలోపలి ఒత్తిడి పెరిగి నీటికాసుల జబ్బు వస్తుంది, చిన్న వయసులోనే శుక్లం వస్తుంది. ఇంకో మాట. ఏ చుక్కల సీసా అయినా మూత తీసిన నెల రోజులకు పారేయాల్సిందే, సగం మిగిలినా సరే.

నలక పడితే ఏం చేయాలి మరి? నలపకండి. శుభ్రమైన నీళ్లు దోసిట్లోకి తీసుకుని అందులో కన్ను పెట్టి రెప్పలు కొట్టండి, లేదా మెల్లగా ధారగా పోయించుకోండి. నాలుకతో తీయించడం, తువ్వాలు కొసతో గుచ్చడం, తల్లిపాలు పిండడం, ఆముదం వేయడం, వీటిలో ఏదీ వద్దు. కడిగాక కూడా గుచ్చుతున్నట్టు ఉంటే, వెలుగు చూడలేకపోతుంటే, మరుసటి రోజు దాకా ఆగకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ ఒక్క రోజుకు ఎంత విలువో నేపాల్‌లోని భక్తపూర్‌లో చేసిన పని చూస్తే తెలుస్తుంది. అక్కడ ఊరి ఆరోగ్య కార్యకర్తలకే నల్లగుడ్డు మీద గీతను గుర్తుపట్టడం నేర్పి, 48 గంటల లోపల యాంటీబయోటిక్ ఆయింట్‌మెంట్ రాయించారు. దాదాపు అందరికీ పుండు పడకుండానే మానిపోయింది. పెద్ద మందేమీ కాదు, వేళకు అందింది, అంతే.

మన తీరంలో ఇంకో ప్రమాదం రొయ్యల చెరువుల దగ్గర. చెరువులో సున్నం చల్లేటప్పుడు, బ్లీచింగ్ కలిపేటప్పుడు గాలి తిరిగితే మొహం మీదికి వస్తుంది. సున్నం యాసిడ్ కన్నా మోసకారి. యాసిడ్ పైపైన కాల్చి చాలావరకు అక్కడే ఆగుతుంది, సున్నం కణాలను కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. ఇలాంటప్పుడు ఆసుపత్రికి పరుగెత్తడం రెండో పని. మొదటి పని అక్కడే, దొరికిన మంచినీళ్లతో, రెప్పలు పూర్తిగా తెరిచి కనీసం అరగంట కడగడం. రెప్ప కింద సున్నపు పలుకులు ఇరుక్కుంటే అవీ పోవాలి. ఆ తర్వాత ఆటో ఎక్కండి. తాంబూలం సున్నం డబ్బాతో ఆడుకునే పసిపిల్లలకు కూడా ఇదే లెక్క.

కంటి చుక్కల గురించి రాస్తూ కృష్ణపట్నాన్ని దాటిపోవడం కుదరదు. 2021 మే నెలలో కోవిడ్ రెండో తాకిడిలో, ఆక్సిజన్ కోసం మేమే తంటాలు పడుతున్న రోజుల్లో, ఆనందయ్య మందు కోసం ముత్తుకూరు దారి జనంతో నిండిపోయింది. ఆయన ఇచ్చేవాటిలో కంట్లో వేసే చుక్కలూ ఉన్నాయి. మే 31న రాష్ట్ర ప్రభుత్వం నోటితో తీసుకునే రకాలకు అనుమతిస్తూ, కంటి చుక్కలను మాత్రం పరీక్షల నివేదికలు రావాలని ఆపింది. ఆ వ్యవహారం హైకోర్టులోనూ నడిచింది. ఆ వాదనల్లోకి నేను వెళ్లను, ప్రాణభయంతో వరుసలో నిలబడినవాళ్లను ఎగతాళి చేయడం నాకు చేతకాదు. ఆ రోజు నోటి మందుకూ కంటి మందుకూ పెట్టిన తేడా ఒక్కటే మీకు గుర్తు చేయాలని. నోట్లో పడినదాంట్లో క్రిములు ఉంటే కడుపులోని ఆమ్లం చాలావాటిని చంపుతుంది. కంటికి అలాంటి రక్షణ లేదు. కంట్లో పడే చుక్క సూదిమందు అంత శుద్ధంగా, ఒక్క క్రిమి కూడా లేకుండా ఉండాలి. ఇంట్లో రోట్లో నూరి, గుడ్డలో వడకట్టినది ఎంత మంచి మూలిక అయినా అలా ఉండదు.

ఎర్రబడిన ప్రతి కంటికీ భయపడాలా అంటే, అక్కర్లేదు. 2023 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కండ్లకలక ఎలా తిరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. బడికి పోయిన పిల్లవాడి నుంచి ఇంటిల్లిపాదికీ అంటింది. ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేదే కాబట్టి వారం, రెండు వారాల్లో తనంతట తనే తగ్గుతుంది. తువ్వాలు, దిండు వేరుగా పెట్టుకుని చేతులు కడుక్కుంటే చాలు. ఎదుటివాళ్ల కంట్లోకి చూస్తేనే అంటుకుంటుందనేది ఒట్టి మాట, చేతుల నుంచి అంటుకుంటుంది. మామూలు కలకలో కన్ను ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, పుసులు కడతాయి, ఇసుక పడ్డట్టు ఉంటుంది. కానీ పుసి తుడిచాక చూపు ఎప్పటిలాగే ఉంటుంది. చూపు మసకబారినా, లోతుగా నొప్పి ఉన్నా, వెలుగు చూడలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్ల చుక్క కనపడినా అది మామూలు కలక కాదు, అదే రోజు చూపించాలి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునే మన కాలేజీ పిల్లలకైతే ఎరుపూ నొప్పీ ఉంటే చాలు, లెన్స్ తీసేసి వెంటనే వెళ్లాలి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను చదువు ముగించి కొత్తగా చేరిన రోజుల్లో ఒక రాత్రి అరవై ఏళ్ల పెద్దావిడను తీసుకొచ్చారు. విపరీతమైన తలనొప్పి, నాలుగు సార్లు వాంతులు. బీపీ కొంచెం ఎక్కువ. బీపీ వల్లనని మందు రాసి, వాంతులకు ఇంజెక్షన్ చేయించి పడుకోబెట్టాను. కన్ను ఎర్రగా ఉండటం చూశాను, ఏడ్చి ఉంటుంది అనుకున్నాను. తెల్లవారాక ఆమె కోడలే చెప్పింది, "రాత్రి నుంచి లైటు చుట్టూ రంగుల వలయాలు కనపడతన్నాయని అంటా ఉంది సార్" అని. అది హఠాత్తుగా వచ్చే నీటికాసులు. కంటిలోపల ఒత్తిడి కొన్ని గంటల్లో ఎగబాకి, చూపు నరాన్ని నొక్కేస్తుంది. ఆ రాత్రే కనిపెట్టి ఉంటే ఆమెకు ఆ కన్ను ఇంకొంచెం మిగిలేది. అప్పటి నుంచి తలనొప్పి, వాంతులు అని ఎవరొచ్చినా ముందు కళ్లు చూస్తాను. మీరూ ఇంట్లో పెద్దవాళ్ల విషయంలో అది చూడండి. ఒక కన్ను ఎర్రబడి, అదే వైపు తలనొప్పి, వాంతులు ఉంటే గ్యాస్ అనుకుని తెల్లవార్లూ కూర్చోకండి.

నొప్పి పెట్టే జబ్బు ఏదో ఒక రోజు డాక్టరు దగ్గరికి తోలుతుంది. నొప్పే లేనివి అసలు తోలవు. షుగర్ ఉన్నవాళ్ల కంట్లో రెటీనా రక్తనాళాలు చడీచప్పుడు లేకుండా చెడిపోతాయి. చూపు తగ్గిందని మీకు తెలిసేసరికి ఆలస్యమై ఉంటుంది. అందుకే షుగర్ బయటపడిన ఏడాదే పాపలో చుక్కలు వేసి రెటీనా చూడాలి, తర్వాత ఏటా చూపించుకోవాలి. మా ఓపీలో షుగర్ పుస్తకాలన్నిటిలో అంకెలు నిండుగా ఉంటాయి, కంటి పరీక్ష కాయితం ఉన్న పుస్తకం అరుదు. కొత్త కళ్లద్దాలు చేయించుకున్నాం కదా సార్ అంటారు. అద్దాల పరీక్ష వేరు, రెటీనా పరీక్ష వేరు. నెమ్మదిగా వచ్చే నీటికాసులకూ నొప్పి ఉండదు. అమ్మకో నాన్నకో ఉంటే నలభై దాటాక మీరు చూపించుకోవాలి. టీబీ మందుల్లో ఎథాంబుటాల్ వాడేవాళ్లకు రంగులు తేడాగా కనిపించినా, చూపు తగ్గినా అదే రోజు మాకు చెప్పాలి.

నలభైల్లో పేపరు చేయి చాపి చదవాల్సి వస్తే అది చత్వారం, జబ్బు కాదు. నేనూ ఏడాది పాటు ఒప్పుకోలేదు, ఇంట్లోవాళ్లు నవ్వితే గానీ అద్దాలు కొనలేదు. శుక్లాలకు ముదిరేదాకా ఆగే రోజులు పోయాయి, పనికి అడ్డం వస్తోందంటే తీయించుకోవచ్చు, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమే. పసిపిల్లల మెల్లకన్ను అదృష్టం కాదు, బడికి పోయే వయసు లోపలే చూపించాలి. ఫోటోలో బిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే ఆ వారంలోనే. కళ్ల ముందు మెరుపులు, నల్లచుక్కల వాన, తెర దిగినట్టు చీకటి ఉంటే రెటీనా ఊడుతోందేమో చూడాలి, అదే రోజు. నొప్పి లేకుండా ఒక కన్ను ఉన్నట్టుండి పూర్తిగా చీకటైతే అది కంటికి వచ్చిన పక్షవాతం లాంటిది, అక్కడ లెక్క గంటల్లోనే.

వెళ్లేటప్పుడు అప్పటిదాకా వేసుకున్న చుక్కల సీసాలన్నీ సంచిలో పెట్టుకుని వెళ్లండి. పసరు పిండి ఉంటే అదీ చెప్పండి. తిడతారని దాచకండి. ఆ సీసా మీద పేరు చూస్తే కంటి డాక్టరుకు సగం సంగతి తెలిసిపోతుంది.