తోలుబొమ్మకు ఊపిరాడనివ్వండి

ఈ మధ్య కొత్తగా ఇల్లు కట్టుకున్న వాళ్ళ హాల్లో అడుగుపెడితే గోడమీద తోలుబొమ్మ కనబడుతోంది. సీతమ్మో, హనుమంతుడో, లేకపోతే నెమళ్ళున్న చెట్టో. చూడగానే ప్రాణం లేచొస్తుంది. కానీ ఎగ్జిబిషన్‌లో ముచ్చటపడి కొన్న ఆ బొమ్మను పటం కట్టించే దగ్గరకొచ్చేసరికి పెళ్ళి ఫోటోకీ, దానికీ తేడా లేదనుకుంటున్నాం. నా అభ్యంతరమల్లా అక్కడే.

మా చెల్లెలు ఇష్టపడి కొన్న సీత బొమ్మకు ఇదే గతి పట్టింది. పటాలు కట్టే షాపులో ప్లైవుడ్ చెక్కకు జిగురు పూసి, బొమ్మను ఈ చివర్నుంచి ఆ చివరదాకా అతికించి, పైన అద్దం బిగించి ఇచ్చారు. మొదటి వానాకాలం బొమ్మ ఉబ్బి ముడతలు పడింది. ఎండలు ముదిరేసరికి మోచేతి దగ్గర చీలింది. ఇచ్చిన మజూరీ పోయింది, బొమ్మా పోయింది.

కారణం తెలిస్తే ఆశ్చర్యమేమీ లేదు. బొమ్మల తోలు చెప్పుల తోలులాగా పదును చేసింది కాదు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకేసి, సాగదీసి ఆరబెట్టింది. అందుకే వెలుతురు ఆపారా కనబడేంత పల్చగా ఉంటుంది. ఆ తోలు తేమ తగిలితే సాగుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మా టేకుమట్ల దిక్కు డప్పును వాయించేముందు మంటకు కాచేది ఎందుకు? మెత్తబడ్డ తోలు బిగియాలనే కదా! డప్పు సంగతి తెలిసిన మనకు బొమ్మ సంగతి తెలియకుండా పోతుందా?

కాబట్టి జిగురు వద్దు, లామినేషన్ అసలే వద్దు. బొమ్మలో ఎలాగూ రంధ్రాలుంటాయి. వాటిలోంచి సన్నటి నూలుదారం పోనిచ్చి, నాలుగైదు చోట్ల కొంచెం వదులుగా అట్టకు కట్టమనండి. అద్దం తోలును తాకకుండా మధ్యలో సన్నటి బద్దీ వేయమనండి. తడి ఎక్కే గోడకూ, సూటిగా ఎండపడే చోటా తగిలించకండి. దుమ్ము పడితే పొడి కుంచెతో దులపాలేగానీ తడిగుడ్డ పెట్టకూడదు. ఇవేమీ ఖర్చుతో కూడిన పనులు కావు. షాపులో గట్టిగా నిలబడి చెప్పాలి, అంతే. "మాకు తెలుసులే అమ్మా" అంటే, తెలియదని చెప్పడానికి మొహమాటమెందుకు?

అసలు వెనక నల్లటి చెక్క బిగించడమే నాకు నచ్చదు. తెర వెనక దీపం వెలిగితేనే తోలుబొమ్మకు ప్రాణం. నగల కోసం, చీర అంచు కోసం పొడిచిన వందల రంధ్రాల్లోంచి వెలుగు రావాలి. రెండు అద్దాల మధ్య, వాటికి తగలకుండా వేలాడదీసి, వెనక కాస్త దూరంగా వేడెక్కని చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టి చూడండి. అప్పుడు తెలుస్తుంది మనం ఇన్నాళ్ళూ ఏం మూసిపెట్టామో!

ఇంకో చిక్కుంది. "గదేంది బిడ్డా, తోలు తెచ్చి నట్టింట్ల పెడ్తివి?" అని మా అత్తమ్మ అడిగింది. చాలా ఇళ్ళలో ఈ మాట వినబడేదే. గుడిలో మోగే మృదంగం తోలు కాదా అత్తమ్మా అన్నాను. నవ్వి ఊరుకుంది. తోలు ముట్టిన చేతుల్ని దూరం పెట్టి, ఆ చేతులు చేసిన రాముణ్ణి మాత్రం మెచ్చుకోవడం ఏం న్యాయం? వెనక చెక్క బిగించి ఇది తోలని తెలియకుండా చేయాలనుకోవడంలోనూ ఆ చిన్నచూపే ఉందేమోనని నా అనుమానం.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ బొమ్మలకు పెట్టింది పేరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇది ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని. ఆటలో సీతకు గొంతిచ్చేదీ ఆ ఇంటి ఆడవాళ్ళే. రాత్రంతా సాగే ఆటలకు పిలుపులు తగ్గాక, ఆ చేతులే దీపాల గుడ్డలూ గోడబొమ్మలూ చేసి పొట్టపోసుకుంటున్నాయి. మనం కొనేది వాళ్ళ బువ్వ. అది రెండేళ్ళకే పాడైతే "తోలుబొమ్మలు నిలవవమ్మా" అన్న చెడ్డపేరు వచ్చేది వాళ్ళకే, జిగురు పూసినవాడికి కాదు.

అందుకే కొనేటప్పుడు చేసినవాళ్ళ పేరు, ఊరు అడిగి, పటం వెనక రాసిపెట్టండి. ఎలా తగిలించాలో కూడా వాళ్ళనే అడగండి. షాపువాళ్ళకన్నా వాళ్ళకే బాగా తెలుసు. చీర కొంటే ఉతికే పద్ధతి అడిగి తెలుసుకునే మనకు, ఇది పెద్ద పనా?